రెండూళ్ల ఓనరు

రెండు ఊళ్లలో అద్దెకివ్వడానికి ఇళ్లు కొన్నవాళ్లను రిజిస్ట్రేషన్ రోజునే నిలువునా రెండు సగాలుగా కోస్తారు కాబట్టి, సింధూర ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టింది. ప్రతి ఇంటికీ ఊళ్లోనే ఉండే ఓనరు కావాలన్నది నిబంధన. కుడి సగాన్ని హైదరాబాద్ మణికొండలోని ఫ్లాటుకు, ఎడమ సగాన్ని అనకాపల్లిలోని డాబా ఇంటికి కేటాయించారు.

"గుండె ఎటు పోతుందండీ?" అని అడిగింది సింధూర.

"ఎడమవైపే మేడమ్. మార్చాలంటే వేరే చలానా కట్టాలి," అన్నాడు గుమస్తా.

"వద్దులెండి."

రెండు ఇళ్లలోనూ ఒకేసారి అద్దెకున్నవాళ్లుంటే వచ్చి అతికించుకోవచ్చని, ఈలోగా అంచులు మానిపోతే మాత్రం ఇక అతకవని అతను చెప్పాడు. మానడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగితే, "ఫస్ట్ టైమా మేడమ్?" అని నవ్వి, వెనకాల ఉన్నవాళ్లను పిలిచాడు.

కుడి సగానికి పెద్ద ఇబ్బంది రాలేదు. మీటింగుల్లో కెమెరా ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉంటుంది కాబట్టి టీమ్‌లో ఎవరికీ తెలియలేదు. పెళ్లికానివాళ్లకు ఇవ్వం, మాంసం వండకూడదు, గోడకు మేకు కొట్టకూడదు అంటూ వీడియోలు చూసి నేర్చుకున్న షరతులన్నీ గేటుకు తగిలించింది. ఆ వారమే ఓ జంట అన్నిటికీ ఒప్పుకుని చేరిపోయింది. తనకూ పెళ్లి కాలేదని, నిన్ననే చికెన్ తిన్నానని దానికి గుర్తొచ్చింది గానీ, గుండె లేకపోవడంతో ఏమీ అనిపించలేదు.

ఎడమ సగం అవే షరతులు అనకాపల్లిలో తగిలించింది. ఎవరూ రాలేదు. చివరికి బెల్లం మార్కెట్ దగ్గర కొట్టున్న నూకరత్నం వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, ఓనర్నే ఇంటర్వ్యూ చేసింది.

"ఏటమ్మా, మేకు కొట్టకూడదా? మరి క్యాలెండరు నీ నెత్తిమీద యేలాడదీయమంటావేటి?"

"గోడ పాడవుతుందండీ..."

"గోడ సంగతెందుకు, నువ్వే సగం పాడైపోయున్నావు. ఇంకో నాలుగిళ్లు సూసి సెప్తాన్లే."

మధ్యాహ్నం రెండు సగాలూ ఫోన్లో మాట్లాడుకున్నాయి.

"అంచు ఎలా ఉందే?" అంది కుడి సగం.

"దురద పెడుతోంది."

"నాకూ. మానుతోందన్నమాట. కాళ్లు పట్టుకునైనా ఆవిడని చేర్పించవే!"

"ఒక్క చేత్తోనా?"

ఎడమ సగం షరతులన్నీ పీకేసింది. నూకరత్నం తన షరతు ఒకటి పెట్టింది: మోటారు పాడైతే ఓనరే రావాలి. ఆవిడ పాలు పొంగించిన రోజే, పక్క వీధిలో కొత్త అపార్టుమెంటు లేచిందని మణికొండ జంట ఖాళీ చేసి వెళ్లిపోయింది. కుడి సగం మళ్లీ బోర్డు పెట్టి, ఈసారి మేకులకు ఒప్పుకుంది. కొత్తవాళ్లు దొరికేసరికి దురద ఆగిపోయింది. ఆ సంగతి రెండూ ఫోన్లో చెప్పుకోలేదు.

ఎడమ సగం ఫుల్ టికెట్టే కొనుక్కుని రైల్లో హైదరాబాద్ వచ్చింది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమస్తా రెండిటినీ దగ్గరగా నిలబెట్టి, అంచుల మీద వేలితో నొక్కి చూశాడు.

"మానిపోయింది మేడమ్."

"మరిప్పుడు?" అన్నాయి రెండు సగాలూ.

"మంచిదే కదా! రికార్డుల్లో ఇప్పుడు మీరిద్దరూ పూర్తి మనుషులే. విడివిడిగా లోన్ వస్తది. చానామంది దీనికోసం కావాలనే లేట్‌గా వస్తరు."

ఎడమ సగానికి ఏడుపొచ్చింది. కుడి సగం మాత్రం లోన్ ఎంత వస్తుందని అడిగింది. అతను చెప్పిన అంకె విన్నాక ఎడమ సగం కూడా కన్ను తుడుచుకుని, విజయనగరంలో ఇళ్ల రేట్లెలా ఉన్నాయని వాకబు చేసింది.

అంతలో నూకరత్నం ఫోన్. మోటారు తిరగట్లేదట. కుడి సగానికి మూడింటికి కాల్ ఉంది. వెళ్లబోతూ ఇద్దరూ ఒక్కసారి చేతులు కలుపుకున్నారు. ఒకరిది కుడిచెయ్యి, ఇంకొకరిది ఎడమచెయ్యి కావడంతో అరచేతులు రెండూ సరిగ్గా సరిపోయాయి. చాలాసేపు విడదీయలేదు.

గుమస్తా తలెత్తి, అది తనకు పెట్టిన నమస్కారం అనుకున్నాడు.

"అయ్యో, దండాలెందుకు మేడమ్," అన్నాడు మొహమాటంగా. "మా డ్యూటీనే కదా."