నత్తకి మోటారు బిగించిన నాన్నలకు జేజేలు!

స్కూలు పిల్లల సైన్సు పోటీలు తల్లిదండ్రుల ప్రాణం తోడేస్తున్నాయని గోల పెట్టేవాళ్ళందరికీ నాదొక్కటే మనవి. దయచేసి నోళ్ళు మూసుకోండి! పెళ్ళై, పిల్లలు పుట్టి, పొట్ట పెరిగి, సోఫాలో కూరుకుపోయిన మనుషులకు మళ్ళీ చదువు మీద ఆశ పుట్టించే పథకం లోకంలో ఇదొక్కటే మిగిలింది. దాన్ని కూడా పీకేద్దామంటారా?

మా పై అంతస్తులో ఉండే ఒక నాన్నగారినే చూడండి. ఇన్సూరెన్సు ఆఫీసులో పని. ఆయన చేతిలో టీవీ రిమోట్ తప్ప ఇంకో పరికరాన్ని ఇంతవరకు ఎవరూ చూడలేదు. కుర్చీ కాలు ఊగితే అట్టముక్క మడిచి కింద దోపడం, ఆయనకి తెలిసిన ఇంజినీరింగంతా అదే. అలాంటి మనిషి ఇవాళ నుదుటికి టార్చిలైటు కట్టుకుని వైర్లకి సోల్డరింగ్ చేస్తున్నాడు! ఎవరి చలవ? ఏడో తరగతి చదివే ఆయన కూతురు బుజ్జమ్మ చలవ.

ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకి స్కూల్లో పోటీ పెట్టారు. ప్రకృతిలో ఏదో ఒక ప్రాణిని గమనించాలి, దాని దగ్గర నేర్చుకున్నదాంతో ఏదైనా తయారుచెయ్యాలి. అంతే.

బుజ్జమ్మ దగ్గర ప్రాణి రెడీగా ఉంది. బాల్కనీ కుండీలోంచి వచ్చి బాత్రూమ్ టైల్స్ మీద షికారు చేస్తున్న ఒక నత్త. దాన్ని గాజు సీసాలో పెట్టుకుని, దోసకాయ తొక్కలు వేసి, నాన్న దగ్గరికి పట్టుకొచ్చింది.

"నాన్నా, రెండు కాళ్ళున్న నేనే ఆ బాత్రూమ్‌లో జారి పడ్డాను కదా. కాళ్ళే లేని ఇది నిలువు గోడ ఎలా ఎక్కుతోంది? అసలు ఏం కదుపుతోంది?"

పాఠకులారా, తెలివి తక్కువ తండ్రైతే ఏం చేసేవాడు? "నాకూ తెలీదమ్మా, చూద్దాం పద" అని నేల మీద కూతురి పక్కన బోర్లా పడుకునేవాడు. పోటీ అక్కడితో సర్వనాశనం! మన నాన్నగారు అలాంటివాడు కాడు. బరిలో ఎవరెవరున్నారో ముందే ఆరా తీశాడు. బుజ్జమ్మ క్లాస్‌మేట్ తండ్రి పళ్ళ డాక్టరు. క్లినిక్ మూసేసి వడ్రంగి పిట్ట ముక్కు తయారుచేస్తున్నాడు; పేషెంట్లు వాచిన బుగ్గలతో గేటు దగ్గర పడిగాపులు కాస్తున్నారు. ఇంకో పిల్లాడి తల్లి ఆర్కిటెక్టు. ఆవిడ కట్టిన చెదపురుగుల మేడ ఇంట్లోంచి బయటికి రావాలంటే తలుపు ఊడదీయాలట, ద్వారబంధంతో సహా! ఇలాంటి యుద్ధంలోకి సీసాలో నత్తని పట్టుకెళ్తారా ఎవరైనా?

"నీది చిన్న ప్రశ్న తల్లీ. పోటీకి పెద్దది కావాలి" అని తేల్చేశాడు.

పెద్దది అంటే రోబో నత్త. సాఫ్ట్‌వేర్ చేసే బావమరిది లాప్‌టాప్ సంచీతో దిగాడు. భోజనాల బల్ల ల్యాబ్ అయింది, భోజనాలు మంచం మీదికి మారాయి. బావమరిది హెల్మెట్ నత్తకి గుల్ల అయింది. మోటారు ఎక్కడ దొరికిందో మొదట ఎవరికీ తెలియలేదు. వంటింట్లోంచి బుజ్జమ్మ తల్లి "ఏవండీ, మిక్సీ తిరగట్లేదేంటి?" అన్నాక అందరికీ తెలిసింది.

నత్త అన్నాక జిగురు వదలాలి కదా? షాంపూ పోద్దామన్నారు. షాంపూకి ట్యాంకు కావాలి. గాజుదైతే జడ్జీలకి లోపలిది కనిపిస్తుంది. ఇల్లంతా వెతికితే సరిపడే గాజు సీసా ఒక్కటే ఉంది. అందులో నత్త ఉంది.

నత్తని ఖాళీ చేయించారు! నత్త ప్రాజెక్టుకి నత్త అడ్డమొస్తే ఎలాగండీ? పాపం దాన్ని స్టీలు డబ్బాలోకి మార్చారు. స్టీలు డబ్బాలో నత్త ఏం కదుపుతోందో బుజ్జమ్మకి కనిపించదు. మూత తీసి చూస్తే గుల్లే కనిపిస్తుంది, చూడాల్సింది అడుగు భాగం కదా. పైగా, పోటీ అయిన సాయంత్రమే ఆ జీవి ఇంట్లోంచి వెళ్ళిపోవాలని అమ్మ ఖరాఖండీగా చెప్పేసింది. సీసా ఎప్పుడిస్తారని బుజ్జమ్మ అడిగినప్పుడల్లా నాన్న పోటీ అయ్యాక అనేవాడు.

ట్రయల్ వేశారు. రోబో నత్త వంటింట్లో బయల్దేరి, హాలంతా షాంపూ పూసి, చెప్పుల స్టాండుని గుద్ది, ఒక చెప్పుతో సహా వెనక్కి వచ్చింది.

"మామయ్యా, నత్త ఇంత స్పీడుగా వెళ్ళదు" అంది బుజ్జమ్మ.

"అదే కదరా మన ఇన్నోవేషన్. నత్తలో ఉన్న లోపం సరిదిద్దాం."

"గోడ ఎక్కుతుందా?"

"అది నెక్స్ట్ వెర్షన్‌లో."

చూశారా! ప్రకృతి దగ్గర నేర్చుకోవడానికి వెళ్ళి ప్రకృతికే ట్యూషన్ చెప్పి వచ్చారు. ఇంత పురోగతి ఇంకెక్కడ చూస్తాం?

పోటీ రోజు స్కూలు హాలు కన్నుల పండుగ. పెద్దలు చెమటలు కక్కుతూ స్క్రూలు బిగిస్తున్నారు, పిల్లలు వెనక నిలబడి టేపు అందిస్తున్నారు. జడ్జి మేడమ్ బుజ్జమ్మ బల్ల దగ్గరికి వచ్చి, పెద్దవాళ్ళు మాట్లాడకూడదని చెప్పి, నత్త గురించి ఏం తెలుసుకున్నావని అడిగింది. నాన్న రాసిచ్చిన ఉపన్యాసం బుజ్జమ్మకి కంఠతా వచ్చు. వెనక నాన్న పెదవులు అప్పటికే ఆడుతున్నాయి.

"ఇంకా తెలుసుకోలేదండీ. చూద్దామనుకున్నా గానీ సీసా ఖాళీ లేదు" అంది బుజ్జమ్మ.

మేడమ్ ఏదో అడగబోయింది. ఈలోగా మామయ్య కంగారులో బటన్ నొక్కేశాడు. ఇక చూడాలి! రోబో నత్త బల్ల మీంచి దూకి, షాంపూ చిమ్ముకుంటూ, వడ్రంగి పిట్టని పడగొట్టి, చెదపురుగుల మేడలో ఒక పక్కనుంచి దూరి ఇంకో పక్కనుంచి వచ్చింది. పళ్ళ డాక్టరు ఆ నురగలో జారి ఆర్కిటెక్టు గారి మేడ మీద కూర్చున్నాడు. కాసేపటికి మైకులో ఫలితం చెప్పారు. హాల్లో పనిచేస్తూ మిగిలింది అదొక్కటే కాబట్టి మొదటి బహుమతి రోబో నత్తకే!

బహుమతుల ఫొటో నేనూ చూశాను. అందులో గడ్డాలున్నాయి, బట్టతలలున్నాయి, హ్యాండ్‌బ్యాగులున్నాయి. మిడిల్ స్కూల్ వయసు మనిషి ఒక్కరూ లేరు. ఏదో వెలితిగా ఉందని స్టేజీ మీద ఎవరికీ అనిపించలేదు!

కప్పుతో పాటు కూతురిని కూడా ఒక ఫొటోలో పెడదామని నాన్నకి కాస్త ఆలస్యంగా తట్టింది. వెతుక్కుంటూ ముందు తలుపులోంచి వరండాలోకి వెళ్ళాడు. పిల్లలంతా హాలు పక్కనున్న గాజు తలుపుకి లోపలి వైపు, ముక్కులు అద్దానికి ఆనించి నిలబడున్నారు. బయటి వైపు అద్దం మీద, బుజ్జమ్మ స్టీలు డబ్బాలో వెంట తెచ్చుకున్న నత్త పాకుతోంది. దాని అడుగున, తోక దగ్గర మొదలై తల దాకా, సన్నటి అలలు ఒకదాని వెనక ఒకటి కదులుతున్నాయి. బుజ్జమ్మ వేలితో ఆ అలలని చూపిస్తోంది. డాక్టరు గారబ్బాయి నోరు తెరిచి చూస్తున్నాడు.

నాన్న అద్దం ముందు నిలబడి కప్పు పైకెత్తి చూపించాడు. బుజ్జమ్మ తలుపు సందులోంచి తల బయటపెట్టింది.

"నాన్నా, కొంచెం పక్కకి జరుగు. వెలుతురుకి అడ్డమొస్తున్నావు."

పిల్లలందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన జరిగాడు.

అందుచేత అధికారులకి నా విజ్ఞప్తి. ఈ పోటీలు ఆపనే ఆపొద్దు! పెద్దలకి వేరే హాలు ఇవ్వండి. మోటార్లు, షాంపూ, కప్పులు కావలసినన్ని లోపల పెట్టి బయట తాళం వెయ్యండి. తాళంచెవి బుజ్జమ్మకి ఇచ్చెయ్యండి. నత్తని చూడటం పూర్తయ్యాక, గుర్తుంటే, వచ్చి తీస్తుంది.