చిటికెడు కొసరు

ముందే ఒప్పేసుకుంటున్నాను: ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా నేను తప్పు చేసినావిడ పక్షమే. విన్నాక మీరూ అటే వస్తారు.

అది నలభై ఎనిమిదో సంవత్సరం. బెజవాడ దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ. ఆ ఉదయం లేబరేటరీలో సుబ్బరత్నం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కొత్తగా వచ్చిన గాలి మిషను సరిగ్గా పనిచేస్తుందని చూపించాలి, ఆరు నెలల టెంపరరీ ఉద్యోగం పర్మనెంటు చేయించుకోవాలి, భవానీపురం వెళ్ళి అమ్మకి చెప్పాలి.

మిషనంటే కంగారుపడకండి. చిన్న గొట్టంలో సిమెంటు పొడి కూరి, దాంట్లోంచి గాలి పోనివ్వడమే. పొడి ఎంత మెత్తనైతే రేణువులన్నిటి పైవైశాల్యం అంత పెరుగుతుంది, గాలి అంత నెమ్మదిగా దూరుతుంది. పక్కనున్న గాజుగొట్టంలో ఎర్ర నూనె గీత నుంచి గీతకి దిగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తే సిమెంటు ఎంత మెత్తనో లెక్క తేలిపోతుంది. మిషనుని పరీక్షించడానికి సీలు డబ్బాలో ఒక నమూనా పొడి వచ్చింది. దానికి ఎనభై సెకన్లు పట్టాలి.

"ఎనభై వస్తే నీ కాయితం మీద సంతకం పెడతానమ్మాయ్," అన్నారు చీఫ్ కెమిస్టు సాంబమూర్తిగారు. "రాకపోతే ఆ గాజుబొమ్మ స్టోర్ రూముకి, నువ్వు ఇంటికి. మెత్తదనం చూడ్డానికి నాకు నా జల్లెడ చాలు."

సుబ్బరత్నం పొడి తూచి ఇచ్చి, స్టాప్‌వాచ్ పట్టుకుని నూనె వైపు తిరిగింది. పొడి పోసి కూరే పని లేబరేటరీ ఆయా తెరేసమ్మది. రెండేళ్ళ కిందటిదాకా హనుమాన్ జంక్షన్‌లో మానికతో బియ్యం కొలిచి అమ్మిన చెయ్యి అది.

నూట పది సెకన్లు.

"పొడి చెమ్మగిల్లిందేమోనండీ," అంది సుబ్బరత్నం. వేడిచేసి, చల్లార్చి, మళ్ళీ తూచింది. నూట డెబ్భై. ఆ పిల్ల మొహం వాడిపోవడం చూసి తెరేసమ్మకి గుండె తరుక్కుపోయింది. మూడోసారి ఇంకా శ్రద్ధగా, ఒంటి బరువంతా వేసి కూరింది. నూనె కదలనే లేదు.

ఫిట్టరు జక్కయ్యని పిలిపించారు. "గొట్టం పూడుకుందండీ, ఇంతే," అని నోరు పెట్టి ఒక్క ఊదు ఊదాడు. గాజుగొట్టంలో ఉన్న నూనంతా ఎగిరి సాంబమూర్తిగారి తెల్లచొక్కా మీద పడింది.

"హోలీ ఆడ్డానికొచ్చావట్రా!" అని అరిచి ఆయన చొక్కా విప్పి ఇచ్చారు. తెరేసమ్మ దాన్ని తీసుకుని పంపు దగ్గరికి పరిగెత్తింది.

సుబ్బరత్నం కొత్త నూనె పోసి, ఈసారి పొడి తనే తూచి, తనే కూరింది. ఎనభై!

"ఒక్కసారి వస్తే గాలివాటం," అన్నారు సాంబమూర్తిగారు బనీనులోంచి. "మళ్ళీ చెయ్యి."

అంతలో తెరేసమ్మ వచ్చేసింది. "ఇటివ్వండి అమ్మాయిగారూ, మీకెందుకీ చాకిరీ."

సుబ్బరత్నం ఈసారి నూనె వైపు కాదు, తెరేసమ్మ వేళ్ళ వైపు చూసింది. తూచిన పొడంతా గొట్టంలో పోశాక, రెండు వేళ్ళు మెల్లిగా డబ్బాలోకి వెళ్ళి వచ్చాయి. అలాగే వాచ్ నొక్కింది. నూట పది.

"తెరేసమ్మా, చివర్లో ఏం వేశావు?"

"కొసరండీ."

"కొసరా!"

"నిశానీ వేసుకునేదాన్ని, కూచోబెట్టి సంతకం నేర్పారు. మీ పనికి తూచినంతే పోసి చేతులు దులుపుకోమంటారా? మీరు దిగులుపడ్డప్పుడు ఇంకాస్త వేశాను."

సుబ్బరత్నానికి కోపం వద్దామనుకుని కళ్ళనీళ్ళ రూపంలో వచ్చింది.

సాంబమూర్తిగారు పకపకా నవ్వారు. "చిటికెడు పొడి ఎక్కువై గాలికి దారి ఇరుకైతేనే పట్టేసిందా! గట్టి మిషనే. అదే నా జల్లెడ అయితే..."

"దాంట్లోనూ వేసేదాన్నండీ," అంది తెరేసమ్మ వినయంగా. "చేరిన రోజు నుంచీ. మీరూ నాకు అన్నం పెట్టినవారేగా."

ఆయన నవ్వు మధ్యలో ఆగిపోయింది. రెండేళ్ళ రిపోర్టులు బీరువాలోంచి ఆయన్నే చూస్తున్నాయి. గబగబా పెన్ను తీసి, సుబ్బరత్నం కాయితం చదవకుండానే సంతకం పెట్టారు. "ఈ సంగతి మన నలుగురి మధ్యే ఉండాలమ్మాయ్!"

సాయంత్రం సుబ్బరత్నం తెరేసమ్మ రెండు చేతులూ పట్టుకుని, "నీ కొసరే నాకు ఉద్యోగం ఇప్పించింది," అంది. మర్నాటి నుంచి కూరడం తను తీసుకుని, స్టాప్‌వాచ్ తెరేసమ్మకి ఇచ్చింది. ఆవిడ దాన్ని ప్రతిసారీ ఒక సెకను ఆలస్యంగా ఆపేది.

మీకూ ఎవరైనా ఇలాంటి కొసరు వేసి ఉంటే నాకు రాయండి. జరిగినంతే రాస్తే చాలు.