నోరు మెదపని వెనక డబ్బాలు

"పైపు! అప్పాజీ, పైపు పగిలిందయ్యా!"

పల్లంరాజు గారు అరిచేసరికే ఆలస్యమైపోయింది. హాలు గోడలోంచి చిమ్మిన నీళ్లు సోఫాని తడిపి, కొత్త తివాచీ మీదకు పారుతున్నాయి. స్టూలు మీద ఉలీ సుత్తీ పట్టుకుని నిలబడ్డ అప్పాజీ నిలువునా తడిసిపోయాడు. స్పీకరు వైరు కోసం గాడి కొడుతున్న గోడలో నీళ్ల పైపు ఉందని అతనికెవరూ చెప్పలేదు. అతనూ అడగలేదు.

"ట్యాంకు వాల్వు కట్టెయ్యండి రాజుగారూ!"

"స్పీకర్లు మోగించమంటే సోఫాకి స్నానం చేయిస్తున్నారేంటండీ?" అంది రాజుగారి భార్య సూర్యకళ, బకెట్టు తెచ్చి గోడ కింద పెడుతూ.

అప్పటికి ఉదయం పది. పదకొండుకల్లా రాజుగారి స్నేహితులు ముగ్గురు రాజమండ్రి నుంచి వంతెన దాటి కొవ్వూరు వస్తారు. ఈ ఇంట్లో హోమ్ థియేటరు విని, నచ్చితే తమ ఇళ్లలోనూ అప్పాజీ చేతే పెట్టించుకుంటారు. ఇరవై ఏళ్లు పెళ్లిళ్లకీ సభలకీ మైకుసెట్టు కట్టిన అప్పాజీని ఈమధ్య పిలిచేవాళ్లు తగ్గిపోయారు. రేకు హారన్లు అటక మీద తుప్పు పడుతున్నాయి. యాభైకి దగ్గరపడ్డాక కష్టపడి కొత్త పని నేర్చుకున్నాడు. ఇది అతని మొదటి ఇల్లు. ఇక్కడ పేరు పోతే రెండో ఇల్లంటూ ఉండదు.

అసలు రోగం చిన్నదే. టీవీ వైపున్న స్పీకర్లు ఇల్లదిరేలా మోగుతున్నాయి. సోఫా వెనక గోడకున్న రెండు మాత్రం గుసగుసలాడుతున్నాయి. పెట్టిన మూడు రోజులూ బాగానే మోగాయి. వాటిలోంచి వాన కురిసింది, గుర్రాలు పరిగెత్తాయి. నాలుగో రోజు నుంచి నోరు మెదపడం మానేశాయి.

మైకుసెట్టుకి ఏ జబ్బొచ్చినా అది వైరులోనే ఉంటుందని అప్పాజీ నమ్మకం. ముందు వైరు మార్చాడు. తర్వాత ఎలుక కొరికిందన్నాడు. ఎలుక కోసం పెట్టిన ఉచ్చులో రాజుగారి బొటనవేలు పడింది. సోఫా కింద వైరు నలుగుతోందన్నాడు. సోఫా జరిపితే పక్కనున్న బీరువా కదిలి, సూర్యకళ పుట్టింటివాళ్లిచ్చిన పింగాణీ కప్పులు ఆరూ పోయాయి. వైరుని గోడలోనే పూడ్చేస్తే ఏ గొడవా ఉండదని ఇవాళ ఉలి పట్టాడు.

నీళ్లు ఇంకా తుడుస్తుండగానే వీధిలో కారు హారను మోగింది. చెప్పులు చేత్తో పట్టుకుని, ప్యాంటు పైకి మడుచుకుంటూ లోపలికొచ్చాడు ఆ ముగ్గురిలో ఒకడైన సుధాకర్.

"సరౌండు అంటే నాలుగువైపులా సౌండనుకున్నానండి. నీళ్లని చెప్పలేదేం?"

మిగతా ఇద్దరూ నవ్వారు. అప్పాజీ సినిమా పెట్టాడు. తెర మీద వాన హోరెత్తింది. వెనక మాత్రం ఎవరో చీర మడత పెడుతున్నంత చప్పుడు. నవ్వులు ఆగిపోయాయి. జాలి మొదలైంది. అది నవ్వుకంటే కష్టంగా ఉంది.

అప్పాజీ సంచీ సర్దుకున్నాడు. ఇన్నేళ్లూ హారన్లని జనం వైపు తిప్పి కట్టాడు. వెనక నిలబడ్డవాడికి ఏం వినిపిస్తుందోనని ఒక్కసారైనా ఆలోచించలేదు. ముందుకు అరవడం తప్ప మరొకటి తెలియని తనకి ఈ పని రాదేమో. తల వంచుకుని, టీవీ పక్కనే ఉన్న వీధి గుమ్మం వైపు నడిచాడు.

"అప్పాజీ! ఆగవయ్యా, ఓ మాట!" వెనక నుంచి పిలిచారు రాజుగారు.

"ఒరే పల్లంరాజూ!" పడక్కుర్చీలోంచి గయ్యిమంది ఆయన తల్లి సుబ్బాయమ్మ. "బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలుస్తావేంట్రా? ఆ డబ్బాలకైతే బుద్ధి లేదు, నీకూ లేదా?"

"ఏ డబ్బాలమ్మా?"

"ఇంకే డబ్బాలు, వెనకవి! పొద్దున్నే నేను సీరియలు పెట్టుకుంటానా, నువ్వు పొలానికి బయలుదేరతావా. నువ్వలా గుమ్మం దాటుతుంటే చాలు, నీ వెనక నుంచి ఎవత్తో 'ఆగండీ, వెళ్లకండీ' అని ఒకటే ఏడుపు. రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు బండితో సహా కాలవలో పడ్డావా లేదా? అందుకే వాటి నోరు నొక్కేశాను."

ఒళ్లోని తువ్వాలు కింది నుంచి రిమోటు బయటికొచ్చింది. అప్పాజీ దాన్ని అందుకుని, వెనక స్పీకర్ల సౌండు పెంచడానికి మూలనున్న చిన్న బటన్ని గబగబా పదిసార్లు నొక్కాడు. వెనక గోడ మీంచి భోరున వాన కురిసింది. ముగ్గురు స్నేహితులూ ఒక్కసారి తలలు తడుముకుని వెనక్కి చూశారు.

"అబ్బ! మా ఇంటికెప్పుడొస్తారండీ?" అన్నాడు సుధాకర్.

అప్పాజీకి ఊపిరొచ్చింది. పల్లంరాజు గారు మాత్రం తడిసిన సోఫానీ, పగిలిన గోడనీ, కట్టు కట్టిన తన వేలినీ వరసగా చూసుకున్నారు.

"అమ్మా, నాకే తెలియని ఆ బటన్ నీకెవరు చూపించారు?"

అప్పాజీకి అప్పుడు గుర్తొచ్చింది. పది రోజుల కిందట రిమోటు గురించి చెబుతుంటే ఇంట్లో అందరూ ఆవలించారు. ఈ మామ్మగారొక్కరే దగ్గరికొచ్చి కూర్చుని, మళ్లీ మళ్లీ అడిగి నేర్చుకున్నారు. తన విద్య విలువ తెలిసిన మనిషని ఆ రోజు ఎంత పొంగిపోయాడో! సంచీ భుజానికి తగిలించుకుని మెల్లగా గుమ్మం వైపు జరిగాడు.

"ఇంకెవరు? విసుక్కోకుండా అరగంట కూర్చుని నేర్పాడు, బంగారం లాంటి మనిషి," అంది సుబ్బాయమ్మ. "మన అప్పాజీయే."