అంతా మాకే వినబడుతోంది, నాయనా!

ఆ రోజు ఆవిడ వేసుకున్న పథకం చాలా చిన్నది. కొడుకు నడిపే విమానంలో పన్నెండో వరుసలో కిక్కురుమనకుండా కూర్చోవడం, గంటన్నరలో దిగి కూతురింటికి పోవడం. అయితే పొద్దున్నే కొడుకు బూట్లు తొడుక్కుంటూ చల్లగా ఒక మాట చెప్పాడు. "అమ్మా, ఇవాళ నా పక్కన పరీక్షాధికారి కూర్చుంటారు. గట్టెక్కితే కెప్టెన్ని. లేకపోతే ఇంకో ఏడాది ఆగాలి." అప్పట్నుంచి ఆవిడ ప్రాణం గుప్పిట్లోనే ఉంది.

విమానం కదిలి, రన్‌వే దగ్గర వరుసలో ఆగింది. నెత్తిమీది స్పీకరులో కొడుకు గొంతు పలికింది. బెల్టులు పెట్టుకోండి, వాతావరణం బాగుంది, నిశ్చింతగా ఉండండి అని. "మా వాడే," అంది ఆవిడ పక్క సీటు పళ్ళ డాక్టరుతో. అంతలో అదే స్పీకరు మళ్ళీ పలికింది.

"టవర్, మేం బయల్దేరడానికి సిద్ధం."

స్పీకరు ఒకసారి గరగరమంది.

"టవర్, వినబడుతోందా?"

"వినబడుతోంది బాబూ!" అన్నాడు వెనక వరుస పెద్దాయన, మర్యాదకి.

"టవర్, మా మాట అందుతోందా?"

"అందుతోంది!" ఈసారి సగం విమానం అరిచింది.

ఆవిడ డాక్టరు వైపు తిరిగింది. "అయ్యో, కంట్రోల్ టవర్లో అందరూ ఒక్కసారే స్పృహ తప్పారో ఏమో!"

"టీకి వెళ్ళుంటార్లెండి," అన్నాడు డాక్టరు. ఆయన చేతులు మాత్రం కుర్చీని వదల్లేదు.

ఇంతలో ఒక బొంగురు గొంతు స్పీకరు బద్దలయ్యేలా మోగింది. "ఇటివ్వవయ్యా మైకు! ముప్ఫై ఏళ్ళ సర్వీసు నాది. టవరుతో ఎలా మాట్లాడాలో చూసి నేర్చుకో. టవర్! టవర్!"

ఉలుకూ లేదు, పలుకూ లేదు. కిటికీలోంచి చూస్తే పసుపు లైటు జీపొకటి తోసుకొస్తోంది. ఒకరు ఫైరింజనన్నారు, ఇంకొకరు అంబులెన్సన్నారు. ఒకావిడ ఏడుపు అందుకుంది. వెనక ఆరు విమానాలు బారులు తీరాయి.

"టవర్, మా రేడియో చచ్చింది. వెనక్కి వచ్చేస్తున్నాం," అంది బొంగురు గొంతు.

వెనక్కంటే పరీక్ష గంగలో కలిసినట్టే. ఆ భయం ముందు మిగతా భయాలన్నీ పక్కకు తప్పుకుని, ఆవిడకు ఆలోచన దారిచ్చాయి. టవరుకు చెప్పే మాట తన నెత్తిమీద ఎందుకు మోగుతున్నట్టు? స్నానమయ్యాక గీజరు స్విచ్చి ఒక్కనాడూ కట్టేసి ఎరగడు వీడు!

"అమ్మాయ్!" అని ఎయిర్ హోస్టెస్‌ను కేకేసింది. "వాడు టవరుకు చెప్పాల్సిందంతా మనకి చెబుతున్నాడు. స్విచ్చి మార్చమను."

"ఈ టైములో పైలట్లని కదిలించకూడదండీ, రూలు."

"వాళ్ళెక్కడ కదులుతున్నారే తల్లీ! ఫోనెత్తు ముందు!"

ఆ పిల్ల ఫోనెత్తి, మీ అమ్మగారు చెప్పమన్నారంటూ రెండు ముక్కలు చెప్పింది. స్పీకరు ఠక్కున మూగబోయింది. సంగతేమిటో చూడమని టవరు పంపిన జీపు వెనుదిరిగింది. మరో పది నిమిషాలకు విమానం గాల్లోకి లేచింది.

దిగాక కొడుకు ఎర్రబడ్డ చెవులతో ఎదురొచ్చాడు. "పైకెళ్ళాక ప్రయాణికులకి క్షమాపణ కూడా చెప్పానమ్మా."

"మాకేం వినబళ్ళేదేరా?"

"ఈసారి అది టవరుకెళ్ళింది. మా అమ్మే కనిపెట్టిందని నేనన్నది కూడా ఆకాశంలో ఉన్న పైలట్లంతా విన్నారు."

"పరీక్ష పోయిందా నాయనా?"

"పాసయ్యాను. నన్ను తప్పిస్తే మైకు లాక్కున్న ఆ పరీక్షాధికారి కూడా తప్పినట్టేగా."

పరీక్ష కాగితంలో 'ప్రయాణికులకు ఎప్పటికప్పుడు సమాచారం అందించుట' అన్న గడిలో అధికారి పదికి పది వేశాడు.