పట్టాలరాజు గారి సొంత కాపీ

ఆడిటర్ గారికి ఆదివారం కూడా ఆఫీసు రోజే. ఆఫీసులో ఇతరుల తప్పులు జీతం తీసుకుని పడతారు, ఇంట్లో ఉచితంగా పడతారు, అంతే తేడా. ఆ ఆదివారం పొద్దున మాత్రం ఆయన ఎవరి జోలికీ పోదలచుకోలేదు. కాఫీ, స్నానం, ఆ తరువాత ఒక చిన్న పని. మధ్యాహ్నం భోజనానికి మామగారు వచ్చేలోపు ఆ పని అయిపోతే చాలు, జన్మ ధన్యమే.

ఆ పనేమిటో చెప్పాలంటే ముందు మామగారి గురించి చెప్పాలి. ఆయన ఆవిరి ఇంజను నడిపి రిటైరైన డ్రైవరు. లోకంలో మనుషులు రెండే రకాలని, బండి నడిపేవాళ్ళూ, బండిలో కూర్చునేవాళ్ళూనని ఆయన నమ్మకం. సంబంధం ఖాయమైన రోజునే కూతురితో, "లెక్కలు సరిచూసేవాడా? ఏదైనా నడిపేవాడు దొరకలేదుటే?" అన్నారు, కాబోయే అల్లుడికి వినపడేలాగే. ఆ మాట ముల్లులా గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది. ఆ నోటితోనే ఒక్కసారి "శభాష్" అనిపించుకోవాలని ఆడిటర్ గారు ఇన్నేళ్ళుగా తపిస్తున్నారు.

మామగారు నడిపిన ఇంజన్ని తుక్కు కింద కోసేసిన రోజు ఆయన అన్నం ముట్టలేదట. ఆ సంగతి భార్య నోట విన్న ఆడిటర్ గారు రైలు నడిపే కంప్యూటర్ ఆట ఒకటి కొని, పాత ఫోటోలు ముందు పెట్టుకుని, చక్రాలు, పొగగొట్టం, బొగ్గుపెట్టె, డ్రైవరు నిలబడే చోటు, ఒక్కొక్కటే గీసి ఆ ఇంజన్ని మళ్ళీ పుట్టించారు. పుట్టించేసరికి ఆటే పాతబడింది. కొత్త ఆట వచ్చింది. అందులో కొండలు, సొరంగాలు, తడిసిన పట్టాలు అచ్చం నిజంలా ఉంటాయి. కానీ పాత ఆటలోని ఇంజను కొత్త ఆటలోకి రావాలంటే మధ్యలో మార్పిడి సాఫ్ట్‌వేర్ ఒకటి కావాలి. అది ఆయన దగ్గర ఉంది. కొన్నదే.

ఆ "కొన్నదే" అన్న మాట ఆయన ఇంతవరకు ఎంతమందికి చెప్పారో ఆయనకే తెలియదు. రైలు ఆటలు ఆడేవాళ్ళకు ఇంటర్నెట్‌లో ఒక గ్రూపు ఉంది. అక్కడ ఎవరూ అసలు పేర్లు పెట్టుకోరు. ఆడిటర్ గారి పేరు పట్టాలరాజు. దొంగ కాపీలు వాడేవాళ్ళకు నీతులు చెప్పే ఉద్యోగాన్ని ఎవరూ ఇవ్వకుండానే తీసుకుని, రోజూ హాజరవుతూ ఉంటారు. గ్రూపులో అందరూ ఆయనకు దండం పెట్టి పక్కకు తప్పుకుంటారు, పాత విజిల్ అనేవాడు ఒక్కడు తప్ప. పట్టాలరాజు ఏది రాసినా కింద ఒక పుల్లవిరుపు మాట రాయనిదే వాడికి నిద్రపట్టదు.

"ఏమండీ, నాన్న ఫోన్ చేశాడు. కాస్త ముందే వస్తాట్ట. మీకేదో చూపించాలట," అంది భార్య గుమ్మంలో నిలబడి.

"ఆయన నాకు చూపించేదేముంది? నేనే ఆయనకి చూపిస్తాను. చూస్తూ ఉండు."

"చూస్తూనే ఉన్నాను," అంది ఆవిడ. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం ఆవిడది. మనిషి లోపల ఏం విరిగిందో చూడడం అలవాటు. చూశాక ఆ మనిషికి మాత్రం చెప్పకపోవడం ఇంకా పెద్ద అలవాటు.

కొత్త ఆట కోసమని పోయిన వారమే కొన్న కొత్త కంప్యూటర్ ముందు ఆడిటర్ గారు కూర్చున్నారు. మార్పిడి సాఫ్ట్‌వేర్ తెరిచారు. కొత్త కంప్యూటర్ కాబట్టి అది రిజిస్ట్రేషన్ కోడ్ అడిగింది. దర్జాగా కొట్టారు. "ఈ కోడ్‌ను అనుమతించినన్ని కంప్యూటర్లలో ఇప్పటికే వాడేశారు," అంది తెర.

"దొంగలు! నా కోడ్ ఎవరో కొట్టేశారు! నేను డబ్బు పెట్టి కొన్న కోడ్!"

"కొన్నదని మాకు తెలుసులెండి. పక్కింటివాళ్ళకి కూడా తెలుసు," అంది భార్య లోపలినుంచి.

ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసింది పెద్ద కంపెనీ ఏమీ కాదు. ఎక్కడో ఒంటరిగా కూర్చుని, ఆదివారం పూట కూడా ఉత్తరాలకు జవాబిచ్చే దౌర్భాగ్యుడు ఒకడు. ఆడిటర్ గారి ఫిర్యాదుకు వెంటనే బదులిచ్చాడు. "అయ్యా, మీ కోడ్ మీద నడుస్తున్న కంప్యూటర్లతో ఒక రైలుపెట్టె నింపవచ్చు. అందరి పేరూ పట్టాలరాజే. వీళ్ళలో మీరెవరు?"

ఆడిటర్ గారికి ఒళ్ళు మండింది. మండినప్పుడు ఆయన వాక్యాలు పొట్టివవుతాయి. "అందరూ దొంగలే. అందరినీ ఆపెయ్యండి," అని రాసి పంపించారు. పంపాక గుర్తొచ్చింది, "నన్ను తప్ప" అని రాయలేదని.

"ఆపేశాను. అందరినీ," అని జవాబు వచ్చింది. "మీరు అసలువారైతే, కొన్ననాడు మీరు పెట్టుకున్న రహస్య ప్రశ్నకు జవాబు చెప్పండి. కొత్త కోడ్ దానంతటదే వస్తుంది. ఈసారి ఒక్క కంప్యూటర్‌కు మాత్రమే."

తెర మీద ప్రశ్న వచ్చింది. "మీకు అందరికంటే ఇష్టమైన మనిషి ఎవరు?"

ఆడిటర్ గారు నెత్తి పట్టుకున్నారు. ఆ ప్రశ్నకు నిజం రాస్తే ఏ దొంగైనా ఊహించేస్తాడని, ఆనాడు తెలివిగా ఒక అబద్ధం రాశారు. ఎవరూ కలలో కూడా ఊహించలేని అబద్ధం. ఇప్పుడు తనకే ఊహకు అందడం లేదు.

భార్య పేరు కొట్టారు. తప్పు అంది. ఆ సమయానికే ఆవిడ కాఫీ కప్పు తీసుకోవడానికి వచ్చి వెనక నిలబడి ఉంది.

"అక్కడ నా పేరెందుకు కొట్టారు?"

"ఇష్టమైన మనిషెవరంటే..."

"అది కాదు. అక్కడ అబద్ధం రాశానని ఇందాక మీరే గొణుక్కున్నారు కదా. అబద్ధాల్లో మొదట గుర్తొచ్చింది నేనా?"

"అబ్బే, ఒకవేళ పొరపాటున నిజం రాశానేమోనని..."

"నిజం రాస్తే అది పొరపాటా?"

ఆడిటర్ గారు ఇక ఆ దారిన ముందుకు పోలేదు. వాళ్ళమ్మ, పై అధికారి, చిన్ననాటి లెక్కల మాస్టారు, ఎదురింటి డాక్టరమ్మ, వరసగా అందరినీ ప్రయత్నించారు. డాక్టరమ్మ పేరు దగ్గర భార్య కప్పు కాస్త గట్టిగా పెట్టింది. "చాలాసార్లు తప్పు చెప్పారు, కాసేపు ఆగి రండి," అని తెర తలుపేసుకుంది.

చెయ్యడానికి పనిలేని కోపం నోటికి పని చెబుతుంది. ఆయన గ్రూపులోకి వెళ్ళి పట్టాలరాజుగా నిప్పులు కక్కారు. "నా కోడ్ దొంగిలించిన నీచులారా! మీ అందరి కాపీలూ ఈ పొద్దున నేనే ఆపించాను. ఇంకొకరి సొమ్ము తినే బతుకూ ఒక బతుకేనా? మిమ్మల్ని కన్నవాళ్ళని అనాలి!"

కాసేపటికి పాత విజిల్ జవాబు వచ్చింది. మాటలకంటే ముందు ఒక బొమ్మ. పోయిన ఏడాది పట్టాలరాజు స్వయంగా పెట్టిన బొమ్మ అది. "చూసి నేర్చుకోండి! సొంత డబ్బుతో కొన్న కాపీ ఇలా ఉంటుంది," అని గర్వంగా రాసి, తెర మీది రిజిస్ట్రేషన్ పేజీని ఫోటో తీసి పెట్టారు. ఆడిటర్ అలవాటు ఎక్కడికి పోతుంది? "రిజిస్టర్ అయినది" అన్న మాట చుట్టూ ఎర్రగా సున్నా చుట్టారు. ఆ సున్నా కిందనే, కళ్ళజోడు లేనివాడికి కూడా కనపడేంత పెద్ద అక్షరాలలో, కోడ్ ఉంది.

బొమ్మ కింద పాత విజిల్ రాశాడు. "రాజా, తాళంచెవి గుమ్మానికి వేలాడదీసి, దాని చుట్టూ ఎర్రసున్నా చుట్టి, ఊరందరినీ పిలిచి చూపించిన మహానుభావుడివి నువ్వు. ఇప్పుడు దొంగలు దొంగలని కేకలు దేనికి?"

దాని కింద నవ్వులు, ఆ నవ్వుల కింద ఇంకా నవ్వులు. ఆడిటర్ గారు తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా గ్రూపు మూసేశారు. పాతికేళ్ళుగా ఇతరుల లెక్కల్లో ఏ తప్పును పట్టుకుని మనుషులను గడగడలాడించారో, ఆ తప్పుకు తాతలాంటిది తన సంతకంతో ఏడాదిగా బజారులో నిలబడి ఉంది.

ఏడవడానికి కూడా తీరిక లేదు. వీధి గేటు చప్పుడవడానికి ఇంక ఎంతోసేపు పట్టదు. రిజిస్టర్ చెయ్యకపోయినా ఆ సాఫ్ట్‌వేర్ పని చేస్తుంది, కానీ ఊరికే చెయ్యదు. కసి తీర్చుకుంటూ చేస్తుంది. ఇంజనులో ఒక భాగం మార్చి, ఒక భాగం వదిలేస్తుంది. అయినా సరేనని ఆడిటర్ గారు మీట నొక్కారు. కొత్త ఆటలో మంచు కొండల నడుమ మామగారి ఇంజను ప్రత్యక్షమైంది. ఒక చక్రం ఉంటే ఇంకొకటి లేదు. పొగగొట్టం ఉంది గానీ అది నిలబడవలసిన బాయిలరు లేదు. పైగా రెండు ఆటలకూ పైన అంటే ఏదో, ముందు అంటే ఏదో ఒప్పందం కుదరక, ఇంజను తోక మీద నిటారుగా నిలబడింది. ఒంటినిండా అడ్డంగా "రిజిస్టర్ చేయలేదు" అని పట్టీలు.

"ఏమోయ్ అల్లుడూ!" అంటూ మామగారు లోపలికి వచ్చారు. భుజాన ఒక సంచి ఉంది. తెర వైపు చూసి ఆగిపోయారు. "ఇదేమిటి?"

"మీ ఇంజనే మామగారూ. ఇంకా పూర్తి కాలేదు."

మామగారు దగ్గరికి వచ్చి, వంగి, తల పక్కకు వాల్చి చూశారు. "నేను నడిపింది పట్టాల మీదోయ్. ఇది ఆకాశంలోకి పోయేటట్టుంది." అని ఒక నిట్టూర్పు విడిచి, సంచిలోంచి ల్యాప్‌టాప్ బయటికి తీశారు. "పోనీలే, నీ పాత ఆటలో ఇంజను మా అమ్మాయి నాకెప్పుడో ఇచ్చింది. నేనే మార్చుకున్నాను. చూడు."

తెర మీద ఇంజను కదిలింది. చక్రాలన్నీ ఉన్నాయి. బాయిలరు ఉంది. పొగ కూడా ఉంది. కాకపోతే అంతా వెనక్కి నడుస్తోంది.

"వెనక్కి పోతోందేం మామగారూ?" అన్నారు ఆడిటర్ గారు. తప్పు కనపడితే ఆయన నోరు ఊరుకోదు.

"అదే నా ఏడుపు! ముందుకు తిప్పుదామని కూర్చున్నాను, తిప్పుతుండగా సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది. ఎవడో పట్టాలరాజుట! వాడి కోడ్ వాడే లోకానికి పంచిపెట్టాడు, వాడే పితూరీ చేసి ఆపించాడు. అన్నం పెట్టి కంచం లాక్కునే రకం! మిమ్మల్ని కన్నవాళ్ళని అనాలి అని రాశాడోయ్. డెబ్భై దాటిన నన్ను! కన్నవాళ్ళు పోయి ఎన్నేళ్ళయిందో వాడికేం తెలుసు? నేనూ ఊరుకోలేదులే, వాడి బొమ్మ వాడి మొహానే కొట్టాను."

పాత విజిల్ ఎదురుగా కూర్చుని మంచినీళ్ళు తాగుతున్నాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ఇంకొకరి కోడ్ వాడడం, అది టిక్కెట్టు లేని ప్రయాణం కాదా మామగారూ?" అన్నారు ఆడిటర్ గారు నీరసంగా.

"టిక్కెట్టు ఉందోయ్! దాని మీద పేరే నాది కాదు."

"ఆ పట్టాలరాజు ఎదురుపడితే ఏం చేస్తావు నాన్నా?" అని అడిగింది కూతురు, భర్త వైపు చూడకుండా.

"ఏం చేస్తానా? బొగ్గుపారతో..." అని మొదలుపెట్టిన మామగారు మధ్యలో ఆగిపోయారు. తెర మీద ఇంజను వెనక్కి వెనక్కి పోయి కొండ మలుపులో కనపడకుండా పోయింది. "పోనీలెద్దూ. దాన్ని కోసేసేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఒక్కసారి ముందుకు పోతే చూద్దామనుకున్నాను, అంతే," అని చెయ్యి కడుక్కోవడానికి లేచి వెళ్ళారు.

ఆడిటర్ గారు ఆ ముసలి వీపునే చూస్తూ కూర్చున్నారు. అప్పుడు గుర్తొచ్చింది, ఆనాడు రాసిన అబద్ధం. అందరికంటే ఇష్టమైన మనిషి ఎవరని అడిగితే, ఈ జన్మలో ఎవ్వడూ ఊహించలేడని నవ్వుకుంటూ రాసిన జవాబు. తెర మళ్ళీ తలుపు తీసే ఉంది. "మామగారు" అని కొట్టారు. సరైనదే అంది తెర. కొత్త కోడ్ వచ్చింది. ఒక్క కంప్యూటర్‌కు.

భార్య వెనకనే ఉంది. చదివింది.

ఆయన తన కొత్త కంప్యూటర్ వైపు ఒకసారి చూశారు. తోక మీద నిలబడిన ఇంజను చూశారు. తరువాత మామగారి ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, ఆ కోడ్ అందులో కొట్టేసి, ఏమీ ఎరగనట్టు కుర్చీలో వెనక్కి వాలారు.

"మరి మీకో?" అంది భార్య గుసగుసగా.

"ఇంకోటి కొంటాను. ఈసారి ఫోటో తియ్యను."

మామగారు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి తెర చూసి కేక పెట్టారు. "ఒసే అమ్మాయీ, మళ్ళీ పనిచేస్తోందే! పట్టాలరాజు కాపీ అని పేరు కూడా వేస్తోంది. వాడికి బుద్ధొచ్చిందే!" గబగబా కూర్చుని, ఏవో నొక్కి, ఇంజన్ని తిప్పారు. అది ఒక్క క్షణం తటపటాయించి, ముందుకు కదిలింది. వంతెన దాటి, సొరంగం ముందు కూత పెట్టింది. మామగారి కుడిచెయ్యి దానంతటదే పైకి లేచి, లేని తాడును లాగింది. కళ్ళు తుడుచుకోవడానికి తువ్వాలు చేతిలోనే ఉండడం మంచిదయింది.

"శభాష్ రా పట్టాలరాజూ!" అని అరిచి, ఆ ఊపులో పక్కనున్న అల్లుడి వీపు మీద ఫెడీమని చరిచారు. "చూశావా అల్లుడూ, మనిషంటే వాడు. తప్పు చేశాడు, దిద్దుకున్నాడు. నువ్వూ ఉన్నావు, ఒకరి తప్పులు పట్టడానికి!"

భార్యకు దగ్గు వచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆడిటర్ గారు మంటెత్తుతున్న వీపును తడుముకుంటూ, "అవునండీ," అన్నారు.

తన పేరు లేని రసీదును ఆయన అభ్యంతరం చెప్పకుండా ఆమోదించడం సర్వీసులో అదే మొదటిసారి.