ఆవిరైపోయే సిరాకి జోహార్లు

అబద్ధాన్ని ఇంకా ఎంతకాలం తిడతారండీ? నేనైతే మానేశాను. తైవాన్ దక్షిణ తీరాన, చేపల చెరువుల మధ్య ఉన్న మా చిన్న టౌనులో ముసలివాళ్ళని పొద్దున్నే పలకరించే దిక్కు ఇవాళ అబద్ధం ఒక్కటే. తామరపువ్వు బొమ్మ పట్టుకుని ఫోన్లోకి వచ్చి, శుభోదయం చెప్పి, ఆరోగ్యం జాగ్రత్త అని మరీ వెళ్తుంది. నిజం ఎప్పుడైనా మీకు శుభోదయం చెప్పిందా?

నిజానికి మొదటినుంచీ పొగరు. దాని దగ్గరికి మనమే వెళ్ళాలి. నోటీసు బోర్డు వెతుక్కోవాలి, కళ్ళజోడు వెతుక్కోవాలి, సన్నటి అక్షరాలు చదువుకోవాలి. అబద్ధానికి ఆ బడాయి లేదు. పెద్ద పెద్ద అక్షరాల్లో, పక్కన ఎర్రటి గంట బొమ్మతో, 'మీ మంచి కోరి' అని మొదలుపెట్టి మన ఒళ్ళో వచ్చి కూర్చుంటుంది.

దానివల్ల మాకు పెరిగిన విజ్ఞానం ఇంతా అంతా కాదు! మామిడిపండు తిని చేప తింటే కాలేయం కుళ్ళిపోతుందని మాకు తెలుసు. ఎవరో జపాన్ డాక్టరు చెప్పాడట. ఆయన పేరు మాత్రం చెప్పలేదట, వినయం. మా పింఛన్లు వచ్చే నెల నుంచి ఆపేసి ఆ డబ్బుతో మంత్రిగారు విదేశంలో మేడ కొన్నారని తెలిసి, బ్యాంకు తలుపులు తియ్యకముందే క్యూ కట్టాం. ఎండలో నిలబడి అందరం ఒకర్నొకరం చూసుకున్నాం, క్షేమసమాచారాలు మాట్లాడుకున్నాం. పింఛను యథాప్రకారం పడింది. అంతమందిని ఒకచోట కలిపిన పుణ్యం ఎవరిదంటారు?

కొన్ని కబుర్లు సముద్రం అవతలి పెద్ద దేశంవాళ్ళు రాసే, మా దగ్గర ఎవరూ రాయని పొట్టి అక్షరాల్లో వస్తాయి. మాలో కొందరికి అది అనుమానం. నాకైతే కళ్ళు చెమరుస్తాయి. మా పింఛన్ల గురించి కన్నబిడ్డలకే పట్టని రోజుల్లో అంత దూరాన ఎవరో కూర్చుని మాకోసం బెంగపడుతున్నారంటే మాటలా?

అసలు సంగతికి వస్తాను. మొన్న మా టౌన్ అధ్యక్ష పదవికి ఎన్నికలు జరిగాయి. ఒకవైపు హో గారు. కాలవ అవతల ఉన్న టౌన్ చెరువులన్నీ సౌర విద్యుత్ కంపెనీకి అప్పగించాలని ఆయన ఆశయం. ఆ కంపెనీ ఆయన బావమరిదిది కావడం కేవలం దైవసంకల్పం. రెండోవైపు ఒక రిటైరైన టీచరమ్మ. చెరువులు ఇప్పుడు చేస్తున్న కౌలుదార్లకే ఉంచుతానంది. ఆ కౌలుదార్లలో మా బావో-చూ వదిన ఒకరు. మా అన్నయ్య పోయాక ఆ చెరువులో పాలబొంత చేపలు పెంచుకుంటూ ఒంటిచేత్తో ఇల్లు నెట్టుకొస్తోంది. హో గారు గెలిస్తే ఆవిడకి చెరువు లేదు. చెరువు లేకపోతే ఇంకేమీ లేదు.

ఓటుకి వెళ్ళేటప్పుడు మేమంతా సొంత పేరు చెక్కించుకున్న ముద్ర వెంట తీసుకెళ్తాం. ఓటర్ల జాబితాలో సంతకానికి బదులు అది గుద్దితే ఓటు కాగితం చేతికిస్తారు. కాగితం మీద మాత్రం బూత్‌లో ఉంచిన ముద్రే వెయ్యాలి. సొంత ముద్ర పడితే ఆ ఓటు చెల్లదు.

ఎన్నికల వారంలో, ఫోన్లో కౌలుదార్లంతా ఉండే మా చెరువుల గ్రూపులోకి ఒక హెచ్చరిక దిగింది. బూత్‌లో ఇచ్చే ముద్రకి వాడే సిరా కాసేపటికి ఆవిరైపోతుందట, లెక్కపెట్టే వేళకి కాగితం తెల్లగా మిగులుతుందట. ఓటు నిలవాలంటే సొంత ముద్రే గుద్దాలట. బూత్‌లో వాళ్ళు వద్దంటారు గానీ, వాళ్ళూ ఆ కుట్రలో భాగస్తులేనట. ఎంత ముందుచూపో చూడండి! కాదనబోయేవాడి నోరు ముందే కట్టేసి వచ్చిన కబురది. ఇంత ఉపకారమూ చెరువుల గ్రూపుకే జరిగింది. హో గారి వైపు వాళ్ళకి ఈ సలహా ఎవరూ పంపకపోవడం ఎంత అన్యాయం!

మా వదిన ఆ కబురుని అక్షరం పొల్లుపోకుండా నమ్మింది. వెంటనే తనకి తెలిసిన ప్రతి ఇంటికీ పంపింది. అంతటితో ఊరుకోక, టౌనులో కాలవ అవతలి మా ఊరికి పెద్ద అయిన కే గారికి చూపించింది. ఊళ్ళో ప్రతి స్తంభానికీ కట్టిన మైకులు ఆయన చేతిలో ఉంటాయి. చెత్తబండి ఎప్పుడొస్తుందో, టీకాలు ఎక్కడ వేస్తారో అందులోనే చెప్తారు. చెత్తబండి విషయంలో ఆయన ఏనాడూ తప్పు చెప్పలేదు గనక సిరా విషయంలోనూ నమ్మాం. ఆయన గొంతు సవరించుకుని ఆ కబురంతా చదివి వినిపించారు, గంట బొమ్మ ఒక్కటి తప్ప.

ఇంత చక్కగా నడుస్తున్న వ్యవహారంలో మా ఆవిడ రూ-యిన్ వేలు పెట్టింది. కొందరికి అంతే, ఊరంతా ఒక మాట మీద ఉంటే చూడలేరు. ఎన్నికల ఆఫీసుకి ఫోన్ చేసి, అంతా పచ్చి అబద్ధమని తేల్చుకుని, స్కూటర్ తీసింది. ఇంటింటికీ వెళ్ళి, వాళ్ళ ఎదురుగానే మళ్ళీ ఆఫీసుకి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, మీరే అడగండి అని వాళ్ళ చేతికిచ్చేది. ఈ కబురు నీకెవరు పంపారు, వాళ్ళకెవరు పంపారు అని ఆరా తీసేది. నాలుగిళ్ళు దాటాక మొదట రాసినవాడెవడో ఎవరికీ తెలియలేదు. ఇలాంటి పనివల్ల నాలుగు ఇళ్ళలో టీ ఖర్చు తప్ప ఏం ప్రయోజనం? అయినా చాలామంది మనసు మార్చుకున్నారు, నా మాట వింటేనా!

ఆవిడ కే గారి దగ్గరికి వెళ్ళి, మైకులో ఒక్కసారి తప్పని చెప్పమంది. ఆయన టీ పోసి కూర్చోబెట్టారు.

"నిజమేనమ్మా, కానీ పొద్దున అదే మైకులో నేనే చదివాను. ఇప్పుడు కాదంటే రేపు చెత్తబండి వస్తుందన్నా ఎవడూ నమ్మడు. ఎన్నికలు అయిపోనీ, తీరిగ్గా చెప్తాను."

ఎంత బాధ్యత! అబద్ధం ఊరంతటికీ మైకులో వెళ్ళింది, నిజం పెట్రోలు పోసుకుని ఒక్కో గుమ్మం ఎక్కింది.

చివరికి తోటికోడలి గుమ్మం ఎక్కింది. వదిన అంతా విన్నది. ఫోన్లో ఆఫీసువాళ్ళు చెప్పిందీ విన్నది. చేపల మేత బస్తా మూతి ముడి వేసింది.

"పంపింది నేనే కదా రూ-యిన్. ఊరందరికీ నేనే చెప్పి, తీరా నేనే బూత్ ముద్ర గుద్దొచ్చానంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"గుద్దేది తెర వెనకాల అక్కా. నిన్నెవరు చూస్తారు?"

"నాకు తెలుస్తుంది కదా. అయినా ఫోన్లో మాట్లాడిందెవరో మనకేం తెలుసు? వాళ్ళూ ఆ కుట్రవాళ్ళ మనుషులే అయితే?"

ఇక్కడ మీరంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టాలి. ఎవరో జీతానికి కూర్చుని రాసిన నాలుగు వాక్యాలు, నలభై ఏళ్ళుగా పక్కన కూర్చుని చేపలు కడిగిన తోటికోడలి కంటే దగ్గరైపోయాయి. ఏ పార్టీ ఉపన్యాసానికైనా ఇంత శక్తి ఉందా?

ఓట్ల లెక్కింపు మా దగ్గర బాహాటంగా జరుగుతుంది. స్కూల్లో ఒక ఉద్యోగి ఒక్కో కాగితాన్ని రెండు చేతులా పైకెత్తి అందరికీ చూపించి, ఓటు ఎవరికి పడిందో బిగ్గరగా చదువుతాడు. చూడ్డానికి జనం గోడ వారగా నిలబడతారు. కాసేపు సాఫీగానే నడిచింది. తరవాత ఒక కాగితం లేచింది. టీచరమ్మ బొమ్మ పైన, ఎర్రగా, పొందిగ్గా ఒక మనిషి పేరు. "చెల్లదు," అన్నాడు ఉద్యోగి. మరొకటి లేచింది, ఇంకో పేరు. మరొకటి. అన్నీ కాలవ అవతలి పేర్లే. రహస్యంగా వేసిన ఓట్లు ఊరంతా చదువుతుంటే హో గారి మనుషులు కూడా ఎంతో శ్రద్ధగా చదివారు. ఆ సిరా ఒక్క చుక్క కూడా ఆవిరి కాలేదు.

మా వదిన పేరూ లేచింది. ఆవిడ గోడ దగ్గర్నుంచి రెండడుగులు ముందుకి వచ్చింది.

"బాబూ, అది నాదే. నా పేరు అంత స్పష్టంగా ఉంది కదా. ఎవరికి వేశానో కూడా తెలుస్తోంది కదా. మరి ఎందుకు లెక్కపెట్టవు?"

ఆ కుర్రవాడు రూలు చెప్పాడు, మర్యాదగానే. ఆవిడ తలూపి మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళి నిలబడింది. రూ-యిన్ వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుంది. హో గారు గెలిచారు. ఆయనకి వచ్చిన ఆధిక్యం కంటే ఆ పక్కన పడేసిన చెల్లని కాగితాల దొంతరే లావుగా ఉంది. రూ-యిన్ తిరిగిన ఇళ్ళ ఓట్లు లేకపోతే ఆ దొంతర ఇంకా లావయ్యేది. తిరగని ఇళ్ళు ఇంకొన్ని తిరిగి ఉంటే చెరువు మిగిలేది.

మర్నాడు పొద్దున్నే స్తంభాల మీద కే గారి గొంతు మోగింది. కొత్త అధ్యక్షుడికి ఊరి తరఫున అభినందనలు చెప్పారు. కాలవ అవతలి చెరువుల కౌలు ఇక పొడిగించరనీ, చేపలు పట్టుకోగానే అందరూ ఖాళీ చెయ్యాలనీ చదివారు. ఇది పుకారేమోనని ఎవరూ ఆశ పెట్టుకోవద్దన్నారు.

"నేనే స్వయంగా టౌన్ ఆఫీసుకి ఫోన్ చేసి అడిగాను. వెంటనే ఎత్తారు, వివరంగా చెప్పారు. కనుక్కోకుండా నేను మైకులో ఏదీ చెప్పను."

చూశారా, పాఠకులారా! కే గారి ఫోను మొదటినుంచీ పనిచేస్తూనే ఉంది.