హాబుల్ బాబు ఒంటరి క్యారేజీ

పప్పులో తీపి లేదని హాబుల్ బాబు రంకె వేశాడు. ఆయన భార్య హిరణ్‌ప్రభ ఆ పప్పులోనే ఇంకో పచ్చిమిర్చి తుంచి వేసింది. బాగ్‌బజార్ సందులో ఆ ఇల్లు రెండు వాటాలవడానికి ఇంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

ఆవిడ పుట్టింటివాళ్ళు పద్మానది అవతలి నుంచి వచ్చినవాళ్ళు. నాలుక చురుక్కుమనకపోతే వాళ్ళకు అది తిండే కాదు. ఈయనది గంగ ఒడ్డు వంశం. చక్కెర పడకపోతే గుమ్మడికాయ కూర కూడా ఆయన గొంతు దిగదు. పెళ్ళయిన నాటి నుంచీ ఈ యుద్ధం సాగుతూనే ఉంది. ఆ రోజు మాత్రం ఆయన కంచం తోసేసి లేచాడు.

"ఇక నీ చేతి వంట ముట్టను! కింద గదిలో ఉంటాను. నా తిండి నేను చూసుకుంటాను."

"ఎసట్లో బియ్యం పొయ్యాలో, బియ్యంలో ఎసరు పొయ్యాలో తెలుసా మీకు?"

"తెలియక్కర్లేదు. తెప్పించుకుంటాను!"

సందు చివర తరుణ సంఘం అనే క్లబ్బు ఉంది. అందులో తరుణుడెవరో ఇంతవరకూ తేలలేదు. దసరా పూజల చందాల్లో మిగిలిన డబ్బుతో వాళ్ళు ఒంటరిగా ఉండే ముసలివాళ్ళకు మధ్యాహ్నం క్యారేజీ పంపుతారు. టుంపా అనే అమ్మాయి తెస్తుంది. తెచ్చి పడేసి పోదు, మొదటి ముద్ద నోట్లో పడేదాకా ఎదురుగా నిలబడుతుంది. ఒంటరివాళ్ళు తిండి పక్కన పెట్టి మరిచిపోతారని, మనిషి ఎలా ఉన్నాడో కళ్ళారా చూడాలని ఆ నియమం. పోయిన వానాకాలం స్నానాలగదిలో జారిపడ్డ ఓ ముసలావిడ ప్రాణం అలాగే దక్కింది.

సరిగ్గా అప్పుడే ఒక్క క్యారేజీకి ఖాళీ వచ్చింది. ఎదురింటి నేపాల్ బాబు దానికోసం ఎప్పటినుంచో కాచుకుని ఉన్నాడు. ట్రాములో కండక్టరుగా చేసి దిగిపోయిన మనిషి, భార్య పోయాక పూటపూటా మరమరాలు నములుతూ బతుకుతున్నాడు. కానీ హాబుల్ బాబు ఆ క్లబ్బుకు మాజీ కార్యదర్శి. క్యారేజీ ఎవరికి వచ్చిందో వేరే చెప్పాలా?

"మరి వదినగారు?" అని ఇప్పటి కార్యదర్శి నసిగాడు.

"ఉన్నా లేనట్టే!"

కార్యదర్శి మొదటి మాట వదిలేసి రెండోది పట్టుకున్నాడు.

మర్నాడు టుంపా వచ్చింది. మూత తీస్తే ఉడికించిన బొప్పాయి, ఉడికించిన అరటికాయ, చేప స్నానం చేసి వెళ్ళిన నీళ్ళు.

"పప్పులో తీపి ఏదమ్మా?"

"అరవై దాటినవాళ్ళకు చక్కెర వెయ్యొద్దన్నారు డాక్టరుగారు. ఉప్పు కూడానూ. ఊఁ, ముద్ద పెట్టుకోండి తాతగారూ."

పైనుంచి గిన్నె ఢామ్మని పడ్డ చప్పుడు.

"పైన ఎవరు తాతగారూ?"

"అద్దెకున్నావిడ."

"మీ బనీన్లు ఆరేస్తోందే?"

"మంచి అద్దెదారు."

వానలు పట్టాయి, ఇలిష్ చేపలు దిగాయి. ఆవముద్దలో ఉడుకుతున్న ఇలిష్ వాసన మెట్లు దిగి హాబుల్ బాబు గదిలోకి వచ్చింది. బొప్పాయి ముక్క నోట్లో పెట్టుకుని, వాసనతో మింగడం నేర్చుకున్నాడాయన. పంతం సడలిపోయింది. పైకి పిలిస్తే బాగుండునని ఉంది, కానీ పిలుపే రాలేదు. ఒక మధ్యాహ్నం పిలుపుకు బదులు మగవాడి నవ్వు వినిపించింది.

రెండేసి మెట్లు ఎక్కి చూస్తే, తన పీట మీద నేపాల్! తన కంచంలో ఇలిష్ పొట్ట ముక్క!

"ఏమిటీ దౌర్జన్యం?"

"ఆయన క్యారేజీ మీరు కొట్టేశారు" అంది హిరణ్‌ప్రభ, చెయ్యి ఆపకుండా వడ్డిస్తూ. "మీ కంచం ఆయనకిచ్చాను. ఎవరికీ నష్టం లేదుగా?"

హాబుల్ బాబు క్లబ్బుకు పరుగెత్తాడు. సందు మొగలోనే కాళ్ళు ఆగిపోయాయి. ఈ ఇంటినుంచి ఆ ఇంటికి పూజ చందాల బ్యానరు కట్టి ఉంది. అందులో బుగ్గ నిండా బొప్పాయితో తన బొమ్మ. కింద పెద్ద అక్షరాలతో: 'నా అన్నవాళ్ళు లేని హాబుల్ బాబుకు మేమున్నాం!'

మిఠాయికొట్టు ఘోష్ ఆయన్ను వాటేసుకుని బావురుమన్నాడు. "వదినగారు ఎప్పుడు పోయారు దాదా? కబురైనా చెయ్యలేదే!"

ఎలాగో విడిపించుకుని కార్యదర్శి మీద పడ్డాడు. "నేను ఒంటరివాణ్ణి కాను. నా క్యారేజీ నేపాల్‌కి ఇచ్చెయ్యండి!"

"నేపాల్ బాబు తన పేరు తీయించేసుకున్నారండీ. రోజూ పిలిచి అన్నం పెట్టే మనిషి ఉండగా ఒంటరినని అబద్ధం చెప్పలేనన్నారు." కార్యదర్శి బ్యానరు వైపు చూశాడు. "మీ పేరు మాత్రం పూజలయ్యేదాకా తియ్యలేం. బొమ్మ కూడా వేయించేశాం కదా!"

ఇంటికొచ్చి, పై వాకిట్లో నిలబడ్డాడు. "హిరణ్, ఆకలేస్తోందే."

"నేను పోయానుగా. పోయినవాళ్ళు వంట చేస్తారా?"

"నేపాల్‌కి చేస్తున్నావుగా!"

"ఆయన నన్ను చంపలేదు."

మర్నాటికి మనసు కరిగి లోపలికి రానిచ్చింది. కాకపోతే పీట నేపాల్‌దే. హాబుల్ బాబు తన క్యారేజీ పట్టుకుని నేల మీద చతికిలపడ్డాడు. టుంపా కూడా పైకే వచ్చి, నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

నేపాల్ పప్పు కలుపుకుని కళ్ళు మూసుకున్నాడు. "ఆహా, వదినా! కొబ్బరి ముక్కలు, ఆ కాస్త తీపీ... అమృతం!"

"తీపా?" హాబుల్ బాబు ఉలిక్కిపడ్డాడు. "పప్పులో చక్కెర వేశావా? నాకు జన్మలో వెయ్యలేదే!"

"చిటికెడు తీపి వేస్తారా వదినా, అని మర్యాదగా అడిగారాయన. వేశాను. మీరెప్పుడైనా అడిగారా? అరిచారు."

హాబుల్ బాబు పెళ్ళినాటి నుంచి తమ పోట్లాటలన్నీ తిరగేసుకున్నాడు. ఒక్కసారైనా అడిగిన జ్ఞాపకం లేదు. సిగ్గుతో తల వాలిపోయింది. క్యారేజీ గిన్నె మెల్లగా ముందుకు జరిపాడు.

"కాస్త పప్పు వేస్తావా, హిరణ్?"

ఆవిడ చప్పున గరిటె అందుకుంది. కళ్ళు చెమర్చినట్టున్నాయి, మిరపకాయల ఘాటుకేనని పైకి అంది. గరిటె గిన్నె దాకా వచ్చేసింది కూడా.

టుంపా చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందు బొప్పాయి, తాతగారూ. ఒంటరివాళ్ళకు అదే నియమం."